విద్యా దాసోహము



కల్యాణ పట్టణమున అనుభవ మంటపము వెలసినప్పుడు లోనికి వచ్చువారిని గడపవద్ద నిలిపి, నీ కులమేది, నీ తండ్రి చేయు పని యేది అని అడిగినవారు లేరు. తోళ్ళు పదునుచేయు డోహర కక్కయ్య వచ్చెను. బట్టలుదుకు మడివాళ మాచయ్య వచ్చెను. పడవ నడుపు అంబిగర చౌడయ్య, త్రాళ్ళు పేను నులియ చందయ్య, రాలిన బియ్యపు గింజలేరుకొని బ్రదుకు ఆయ్దక్కి మారయ్య, అతని యిల్లాలు లక్కమ్మ వచ్చిరి. వీరు ప్రవచనము విని, ప్రసాదము స్వీకరించి, నమస్కరించి మరలిపోవుటకు వచ్చినవారు కారు. కూర్చుండి ప్రశ్నించుటకు, వాదించుటకు, తాము కనుగొన్న సత్యమును తమ మాటలలోనే చెప్పుటకు వచ్చినవారు. వారు పలికిన వచనములు తాళపత్రములకెక్కినవి. ఆ సభకు పెద్దయై శూన్య సింహాసనము నధిష్ఠించిన అల్లమ ప్రభువు సైతము మద్దెల వాయించు వృత్తిలో పుట్టినవాడని శరణ సంప్రదాయము చెప్పుచున్నది.

వినుటకు రానిచ్చుట వేఱు, కనుగొనుటకు రానిచ్చుట వేఱు. పురాణము వినుటకు గుడి యరుగుమీద దూరముగా కూర్చుండనిచ్చిన దాతలు బసవేశ్వరునికి పూర్వమును ఉండిరి. జ్ఞానమును పుట్టించు చోటనే పీట వేసి కూర్చుండబెట్టిన వాడు బసవేశ్వరుడు. వీరశైవులు ఆయన పేరు తలచునపుడెల్ల ఈ భేదమును తలపవలసియున్నది. ఏలయన నేటి దేశములో విద్య విషయమున మిగిలియున్న పెద్ద ప్రశ్న సరిగా ఇదియే.

పాఠశాల తలుపు చాలవఱకు తెఱువబడినది. 2002లో రాజ్యాంగ సవరణము వలనను, 2009లో చట్టము వలనను ఆఱు మొదలు పదునాలుగు సంవత్సరముల బాలబాలికలకు చదువు హక్కుగా చేయబడినది. కళాశాలలు తాలూకా కేంద్రములకును వచ్చినవి. అయితే పరిశోధన జరుగు విద్యాపీఠములు, అనగా ప్రయోగశాలలు, గొప్ప గ్రంథాలయములు, దేశవిదేశముల పండితులతో నిత్య సంబంధము గల విశ్వవిద్యాలయములు బహు కొద్ది. ఏ రోగమునకు మందు వెదకవలెను, ఏ పంటకు నీరు తక్కువ పట్టు విత్తనము తీయవలెను, ఎవరి చరిత్ర వ్రాయదగినది అను నిర్ణయములు అచ్చటనే జరుగును. చాకిరేవులో నిలిచి నిలిచి కాళ్ళు పాసినవాని బాధ ప్రయోగశాలకు చేరవలెనన్నచో, ఆ రేవును ఎఱిగినవాడొకడు ప్రయోగశాలలో ఉండవలెను గదా. మాచయ్య లేని మంటపములో మాచయ్య ప్రశ్న పుట్టదు.

ఈ తలుపు ఎట్లు మూతపడునో తెలియుటకు 2024వ సంవత్సరపు సంగతి యొకటి చాలును. ఉత్తర ప్రదేశములో ఒక దినకూలీ కుమారుడు, దళిత బాలుడు, ఐ.ఐ.టి. ప్రవేశ పరీక్షలో నెగ్గెను. ధన్‌బాద్ ఐ.ఐ.టి.లో విద్యుత్ ఇంజనీరింగు శాఖయందు అతనికి స్థానము వచ్చెను. ఆ స్థానమును నిలుపుకొనుటకు కట్టవలసిన రుసుము 17,500 రూపాయలు. గడువు నాలుగు దినములు. జూన్ 24వ తేదీ సాయంకాలము ఐదు గంటలతో అది ముగియును. పట్టణములో ఉద్యోగముచేయువాని యింట ఈ మొత్తము ఒక చేతి గడియారపు ధర. ఆ యింట అది నెల సంపాదనకు మించిన సొమ్ము. ఊరివారు తలా కొంత వేసిరి. సొమ్ము చేతికందునప్పటికి గడువునకు కొద్ది నిమిషములే మిగిలియుండెను. కంప్యూటరులో దరఖాస్తు పూర్తికాకముందే గంట కొట్టెను, ద్వారము మూసికొనెను. ఆ పరీక్ష వ్రాయుటకు ఒక్కొక్కరికి ఉన్న రెండు అవకాశములలో అది రెండవది. అనగా ఆ తలుపు ఇక జన్మలో తెఱువబడదు.

ఆ బాలుడును అతని తండ్రియు షెడ్యూల్డు కులముల జాతీయ సంఘమును ఆశ్రయించిరి. ఝార్ఖండ్ న్యాయసేవల సంస్థకు మొఱపెట్టుకొనిరి. ఆ సంవత్సరపు పరీక్షను మద్రాసు ఐ.ఐ.టి. నడిపినది గావున మద్రాసు హైకోర్టునకు పోయిరి. తుదకు సుప్రీంకోర్టునకు చేరిరి. సెప్టెంబరు 30వ తేదీన ఆ న్యాయస్థానము రాజ్యాంగము 142వ అధికరణము క్రింద తనకు గల విశేషాధికారమును వినియోగించి, ఆ బాలుని చేర్చుకొనవలసినదని ఆజ్ఞాపించెను. మఱియొక విద్యార్థి స్థానమునకు భంగము రాకుండ అదనపు స్థానమొకటి కల్పింపుమనెను.

ఈ కథ విని సంతోషించుట సహజము. సంతోషముతో ఆగరాదు. పరీక్షకుండవలసిన మేధ అతనికి ఉన్నది. శ్రమయు ఉన్నది. లేనిది నాలుగు దినములలో 17,500 రూపాయలు. ఒక చిన్న పల్లెలోని కూలివాడు కుమారుని చేయి పట్టుకొని మూడు నెలలపాటు దేశపు నాలుగు మూలలను తిరిగినచో, అత్యున్నత న్యాయస్థానపు ప్రధాన న్యాయమూర్తి కూర్చున్న ధర్మాసనము తలుపు తట్టినచో, అప్పుడు ఆ తలుపు తెఱువబడినది. అట్లు తిరుగుటకు శక్తిలేక, ఎవరిని అడుగవలెనో తెలియక, ఐదు గంటలు దాటిన వెనుక కన్నీరు తుడుచుకొని పొలమునకు పోయిన బాలురు, బాలికలు ఎందఱో! వారి పేర్లు ఏ తీర్పులోను ఉండవు.

రాజ్యాంగము ఏమియు చేయలేదనుట కృతఘ్నత. 1951లో మద్రాసు రాష్ట్రపు చంపకం దొరైరాజన్ వ్యాజ్యములో తీర్పు వచ్చిన వెంటనే మొదటి సవరణము చేసి, వెనుకబడిన తరగతులకు విద్యాలయములలో ప్రత్యేక ఏర్పాట్లు చేయు అధికారమును 15వ అధికరణమున చేర్చిరి. ఐ.ఐ.టి.లలో షెడ్యూల్డు కులములకు, తెగలకు స్థానముల కేటాయింపు 1973లో ఆరంభమైనది. కేంద్ర విద్యాసంస్థలలో ఇతర వెనుకబడిన తరగతులకు 27 శాతము కేటాయించు చట్టము 2006లో వచ్చినది. 2008లో సుప్రీంకోర్టు దానిని ఆమోదించినది. హైదరాబాదు విశ్వవిద్యాలయమే చూడుడు. 1973 నాటి ఆఱు సూత్రముల పథకములో భాగముగా, ప్రాంతముల మధ్య విద్యా వ్యత్యాసములు కలహములకు కారణమైన కాలమున, 1974లో ఆ కేంద్రీయ విశ్వవిద్యాలయము నెలకొల్పబడెను. తెలుగు నేలమీద పరిశోధన విద్యాపీఠమొకటి పుట్టుటకే వెనుకబాటు గూర్చిన ఆవేదన కారణమైనది. చట్టము గొళ్ళెమును తీసినది. గొళ్ళెము తీసిన తలుపును లోనుండి పట్టుకొనియున్న చేతులు ఇంకను ఉన్నవి.

వానిలో మొదటిది భాష. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమును చెప్పునప్పుడు సంస్కృత సమాస భూయిష్ఠమైన చంపూమార్గమును కాదని, ద్విపదను, జాను తెనుగును ఎన్నుకొనెను. అట్లు చేసినందున ఆ గ్రంథము తక్కువైనదా? 1369లో భీమకవి దానిని కన్నడములోనికి తీసికొనిపోయెను. 1990లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ ముద్రణాలయము దాని ఆంగ్లానువాదమును ప్రకటించెను. పామరులకొఱకు వ్రాసిన పుస్తకము పరిశోధన విద్యాపీఠములకు చేరినది. కాని ఆ పామరుల సంతతి చేరుట దుష్కరముగా ఉన్నది. పదవ తరగతివఱకు తెలుగున చదివిన బాలిక ఒకతె విశ్వవిద్యాలయపు తరగతిలో మొదటి ఆఱు మాసములు నోరు మెదపదు. భౌతికశాస్త్రము ఆమెకు తెలియును. అడుగవలసిన ప్రశ్నయు తెలియును. దానిని ఆంగ్లములో కూర్చుకొనునప్పటికి ఆచార్యుడు తరువాతి పుటకు పోవును. అతడు ఆమెను మందమతిగా లెక్కించును. ఆమెయు కొంతకాలమునకు తన్ను తాను అట్లే లెక్కించుకొనును. ఈ రెండవదే ఘోరము.

దీనికి మందు లేదా యన్నచో ఉన్నది. 2008లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయమును బాసర, నూజివీడు, ఇడుపులపాయలయందు స్థాపించిరి. పదవ తరగతి కాగానే పల్లెపిల్లలను చేర్చుకొని, ఆఱు సంవత్సరములు అచ్చటనే ఉంచి ఇంజనీరులను చేయు ఏర్పాటది. ప్రభుత్వ పాఠశాలలలో చదివిన వారి గ్రేడు సగటునకు 0.4 కలుపు నియమమును పెట్టిరి. ఇది దానము కాదు, తూకములో సరిచేయుట. ఉపాధ్యాయులు చాలని బడిలో, కరెంటు నిలువని యింట చదివి 9.4 తెచ్చుకొన్న బాలుడును, సకల సదుపాయముల నడుమ 9.8 తెచ్చుకొన్న బాలుడును సమానులని ఆ నియమపు భావము. ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయమున వెనుకబడిన జిల్లాలనుండి వచ్చువారికి అదనపు మార్కులు కలుపు పద్ధతి తొలినాళ్ళలోనే ఉండెను, 1983లో తీసివేసిరి, 1990లలో మరల తెచ్చిరి, 2017లో పరిశోధన తరగతులకు మరల తీసివేసిరి. ఒకే తలుపును తెఱచుచు మూయుచు ఉన్నచో లోనికి పోవువాడు ఎట్లు నమ్మి అడుగుపెట్టును?

ఇచ్చట ఒక ఆక్షేపణ వినవచ్చును. వీరశైవులలోను చదువుకొన్నవారు దీనిని పలుకుచుందురు. ఇట్లు చేర్చుకొనుచు పోయినచో ప్రమాణములు తగ్గును, అర్హత నశించును అని. దీనికి సమాధానము అనుభవ మంటపములోనే ఉన్నది. అక్కమహాదేవి మంటపమునకు వచ్చినప్పుడు అల్లమ ప్రభువు ఆమెను తేలికగా విడువలేదు. శూన్య సంపాదనలో ఆ ఘట్టమును చదివినవారికి ఆ ప్రశ్నల కాఠిన్యము తెలియును. ఆడుది, చిన్నది, ఒంటరిగా వచ్చినదని ఆయన ప్రశ్నను మెత్తన చేయలేదు. ఆయితే ఆ ప్రశ్నలన్నియు ఆమె అనుభవమును తాకునవి. ఆమె తండ్రి ధనమును కొలుచునవి కావు. నేటి ప్రవేశ పరీక్ష దేనిని కొలుచుచున్నది? కొంత మేధను, కొంత శ్రమను కొలుచుచున్నదనుట నిజమే. మిగిలినది రెండు మూడు సంవత్సరములు పట్టణమున నుండి శిక్షణాలయమునకు లక్షల రూపాయలు కట్టగల తండ్రి స్తోమతును కొలుచుచున్నది. తండ్రి సంచిని తూచి దానికి కుమారుని అర్హతయని పేరు పెట్టుట ఏ న్యాయము?

ప్రమాణము తగ్గకుండ ద్వారము వెడల్పుచేయు మార్గములను ఐ.ఐ.టి.లే కనిపెట్టినవి. షెడ్యూల్డు కులముల, తెగల విద్యార్థులలో కొద్దిలో స్థానము తప్పినవారిని ఒక సంవత్సరము సన్నాహక తరగతిలో నుంచి, గణితము, భౌతిక రసాయన శాస్త్రములు, ఆంగ్లము గట్టిగా నేర్పి, అందులో నెగ్గినవారిని ప్రవేశ పరీక్ష మరల వ్రాయనక్కఱలేకయే ప్రధాన తరగతికి పంపుచున్నారు. పట్టము మాత్రము అందఱితోపాటు అవే పరీక్షలు వ్రాసి పొందవలసినదే. ఆడపిల్లలకొఱకు 2018 నుండి అదనపు స్థానములు ఏర్పఱచిరి. ఎవరి స్థానమును లాగికొనలేదు. అల్లమ ప్రభువు ప్రశ్న అట్లే ఉన్నది. ఆ ప్రశ్న వినబడు దూరమునకు రానిచ్చుటయే జరిగినది.

మారయ్య లక్కమ్మల కథ ఈ సందర్భమున మనసునకు పట్టింపదగినది. ఒకనాడు మారయ్య ప్రతిదినముకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. ఈ ఆశ నీకెక్కడిది, మనకు కావలసినంత యుంచి మిగిలినది తెచ్చిన చోటనే పోసిరమ్మని భర్తను మందలించెను. ఈ కథను మఠములలో దాసోహ ప్రవచనములలో చెప్పుదురు, వినువారు తలలూపుదురు. విద్య విషయమునకు దీనిని అన్వయించువారు అరుదు. మూడు తరములనుండి ఉన్నత విద్య గల కుటుంబములు తమ పిల్లలకు వచ్చిన స్థానమును కేవలము తమ ప్రతిభాఫలమని తలంతురు, కూలివాని కుమారునికి వచ్చిన స్థానమును ప్రభుత్వ భిక్ష యందురు. లక్కమ్మ ఆ యింటికి వచ్చినచో బియ్యపు మూటను ముందు ఎవరి ముంగిట విప్పించును?

భాష దాటి, పరీక్ష దాటి లోనికి పోయినవానికి ఇంకొక ద్వారము మిగిలియుండును. అది కంటికి కనబడదు. భోజనశాలలో ఏ బల్లకడ కూర్చుండవలెను, ఏ ఆచార్యుడు పరిశోధనకు శిష్యునిగా స్వీకరించును, మౌఖిక పరీక్షలో ఇంటిపేరు విన్న వెంటనే ఎవరి ముఖము మాఱును అనునవి ఏ నిబంధన గ్రంథములోను వ్రాయబడవు. 2006లో కేంద్ర ప్రభుత్వము ఆచార్య సుఖదేవ్ థోరట్ అధ్యక్షతన ఒక సంఘమును నియమించి ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో విచారణ చేయించెను. దళిత, గిరిజన విద్యార్థులు వసతిగృహములలో వేఱుగా కూడుకొనవలసి వచ్చుట మొదలు ఆచార్యుల అనాదరణమువఱకు పెక్కు సంగతులు 2007 నాటి నివేదికలో వెల్లడియైనవి. దేశములోని అత్యుత్తమ మేధావులు చదువు చోటనే ఇట్లున్నది.

2016 జనవరిలో హైదరాబాదు విశ్వవిద్యాలయమున ఒక యువ పరిశోధకుడు ప్రాణము తీసికొనెను. ఆ సంఘటనను గూర్చి దేశమంతయు వాదించినది. ఆ వాదములను ఇచ్చట మరల తవ్వుట ఉద్దేశము కాదు. ఒక్కటి మాత్రము చెప్పవలెను. ఎన్నో గడపలు దాటి, పేదయింట పుట్టి పరిశోధన విద్యార్థి యైన యువకుడు లోనికి వచ్చిన తరువాత ఒంటరివాడగుట ఏ సమాజమునకైనను పాపము. శరణులు ఒకరినొకరు అప్పా, అక్కా, అన్నా యని పిలుచుకొనిరి. అది మర్యాదకొఱకు కాదు. క్రొత్తగా వచ్చినవాడు ఒంటరిగా ఉండరాదని.

డాక్టర్ అంబేడ్కర్ జీవితము ఈ రెండు ద్వారములను పక్కపక్కన చూపును. 1913లో బరోడా మహారాజు సయాజీరావు గాయక్వాడు నెలకు పదునొకండున్నర పౌనుల వేతనమిచ్చి ఆయనను న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమునకు పంపెను. ఒక విద్యార్థికి మూడు సంవత్సరములపాటు ఇచ్చిన ఆ స్వల్ప ధనము ఈ దేశమునకు రాజ్యాంగ శిల్పిని ఇచ్చినది. బసవేశ్వరుడు బిజ్జలుని కోశాధికారిగా ఉన్నప్పుడు భండారపు ధనమును జంగములకు ధారపోయుచున్నాడని కొండెములు చెప్పిరనియు, రాజు లెక్క పెట్టించినప్పుడు ఒక్క కాసును తగ్గలేదనియు బసవపురాణమున కలదు. బరోడా లెక్కను నేడు చూచిన ఎవరికైనను ఆ కథ అబద్ధమని తోచదు. అయితే అదే అంబేడ్కరు 1917లో బరోడాకు ఉద్యోగమునకు వచ్చినప్పుడు ఆ పట్టణమున తల దాచుకొనుటకు గది దొరకలేదు. దిగిన పార్శీ సత్రమునుండి కఱ్ఱలు పట్టుకొని వచ్చినవారు వెళ్ళగొట్టిరి. విద్యావేతనము ఇచ్చిన ఊరు వసతి ఇయ్యలేదు.

వేతనమును గూర్చి నేటి స్థితి కొంత తెలిసికొనవలెను. 2023లో జాతీయ అర్హత పరీక్షలో నెగ్గిన పరిశోధకునికి నెలకు 37,000 రూపాయలు నిర్ణయించిరి. ఆ పరీక్షలో పై మెట్టు ఎక్కలేక, కేంద్రీయ విశ్వవిద్యాలయములో మాత్రము ప్రవేశము పొందినవానికి అప్పటికిని 8,000 రూపాయలే. ఇంటి నుండి సొమ్ము తెచ్చుకొనగలవాడు దానితో నెట్టుకొనిరాగలడు. ఇంటికి సొమ్ము పంపవలసినవాడు మధ్యలో మానివేయును. ఇంకొక వింత యున్నది. విదేశములలో చదువుకొనుటకు షెడ్యూల్డు కులముల వారికిచ్చు జాతీయ విద్యావేతనమునకు 2022లో ఒక నియమము పెట్టిరి. భారతీయ సంస్కృతి, చరిత్ర, సమాజము గూర్చిన పరిశోధనకు అది లభింపదని. డోహర కక్కయ్య సంతతివాడు కక్కయ్య వచనములపై విదేశమున పరిశోధన చేయ తలంచినచో, ప్రిన్స్‌టన్‌లో బసవపురాణము అచ్చయిన సంగతి తెలిసి దానిని వెదకుచు పోదలచినచో, ఆ వేతనము అతనికి రాదని అర్థము. తన చరిత్రను తాను వ్రాసికొనుట తప్పైనట్లున్నది.

ఇక సమాజపు కర్తవ్యము. ఈ విషయమున వీరశైవులకు గొప్ప పెద్దలు కలరు. ఫ. గు. హళకట్టి వకీలు. విశ్వవిద్యాలయపు ఆచార్య పీఠము ఏదియు ఆయనకు లేదు. ఊరూర తిరిగి తాళపత్రములు సేకరించి, 1923లో వచనశాస్త్ర సారమును ప్రకటించి, ముద్రణాలయము పెట్టుటకు సొంత ఇంటినే అమ్ముకొనెను. నేడు అనుభవ మంటపమును గూర్చి వ్రాయబడు ప్రతి పరిశోధన గ్రంథమునకు ఆ యిల్లే పునాది. బిజాపురమున విద్యాసంస్థకు 1910లో బీజము వేసినదియు ఆయనయే. 1916లో బెళగావిలో ఏడుగురు యువ ఉపాధ్యాయులు కర్ణాటక లింగాయత విద్యాసంస్థను ఆరంభించిరి. తుమకూరు సిద్ధగంగా మఠమున శివకుమార స్వామివారు 2019లో లింగైక్యము చెందువఱకు వేలకొలది బాలురకు, కులమత భేదము లేక, అన్నము, వసతి, చదువు ఉచితముగా ఇచ్చిరి. ఆ మఠపు పంక్తిలో కూర్చున్న బాలుని కులము వడ్డించువానికి తెలియదు.

తెలుగు నేలమీది సమాజము ఇంతమాత్రము చేసినదా? జాత్రలకు, కల్యాణ మంటపములకు, పాలరాతి గద్దెలకు లోటు లేదు. విద్యార్థి వసతిగృహములు ఉన్నచోట్ల పెక్కింటిలో సొంతవారికే చోటు. సొంతవారికి చోటు ఇచ్చుట తప్పు కాదు. పూర్వమున పట్టణమునకు వచ్చిన పేద లింగాయత బాలునికి అన్నము పెట్టువారు లేకుండిరి. అయితే 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము లింగాయతులను వెనుకబడిన తరగతులలో డి వర్గమున చేర్చెను. తమకొఱకు రాజ్యము ద్వారమును తెఱచిన వెనుక, తమ వసతిగృహపు ద్వారమును మాదిగ బాలునికి, లంబాడీ బాలికకు మూసియుంచుట ఇష్టలింగము ధరించిన చేతికి తగిన పని కాదు. లింగధారణ సమయమున గురువు కులమును అడుగలేదు. వసతిగృహపు కార్యదర్శి అడుగుచున్నాడు.

కొందఱు భక్తులు ఇంత పెద్ద సమస్యకు చిన్న ఊరి సంఘము చేయగలిగినదేమి యని సందేహింతురు. విశ్వవిద్యాలయమును కట్టుట వారివలన కాదు. 17,500 రూపాయలు నాలుగు దినములలో ఇచ్చుట వారివలన అగును. జిల్లాకొక నిధి, అందులో ఎల్లప్పుడు చేతికందు సొమ్ము కొంత, అప్పుగానో, దాసోహముగానో, ఏ కులపు విద్యార్థికైనను. సొమ్ముతోపాటు కంప్యూటరులో దరఖాస్తులు నింపుట తెలిసిన యువకులిద్దఱు. పరిశోధన తరగతులకు పోగోరువారికి మౌఖిక పరీక్షను ముందుగా అభ్యసింపజేయు విశ్రాంత ఆచార్యుడొకడు. 2016 నిబంధనలలో వ్రాత పరీక్ష కేవలము అర్హతకే యని, ప్రవేశము మౌఖిక పరీక్షమీదనే యని పెట్టి, 2018లో దానిని వ్రాతకు 70, మౌఖికమునకు 30గా మార్చిరి. ఆ ముప్పదిలో పల్లె విద్యార్థి పోగొట్టుకొనునది విషయము తెలియక కాదు, అట్టి గదిలో అట్టి మనుష్యుల యెదుట ఎన్నడును కూర్చుండియుండక. మఠములో పదిమార్లు కూర్చుండబెట్టి ప్రశ్నలడిగినచో ఆ బెదురు పోవును. ప్రశ్నించుట మఠములకు క్రొత్త పని కాదు గదా.

చేరిన తరువాతను విడువరాదు. హైదరాబాదు, ఢిల్లీ, బెంగళూరులలో స్థిరపడిన వీరశైవ కుటుంబములు పెక్కు కలవు. నెలకొక ఆదివారము ఆ నగరపు విద్యాపీఠములో చదువు తెలుగు విద్యార్థిని ఇంటికి పిలిచి, పక్కన కూర్చుండబెట్టుకొని భోజనము పెట్టుటకు ప్రభుత్వపు ఆజ్ఞ అక్కఱలేదు. అతడు ఏ కులమువాడని అడుగక పెట్టవలెను.

ఈ పనులకు ఋతువు కలదు. ప్రవేశపు జాబితాలు వేసవి కడపట వెలువడును. ఆదాయ ధ్రువపత్రము, కుల ధ్రువపత్రము తహసీలుదారు కార్యాలయమునుండి చేతికి వచ్చుటకు కొన్ని వారములు పట్టవచ్చును. పేరులో ఒక్క అక్షరము తప్పినచో మరల మొదటినుండి తిరుగవలెను. కావున బసవ జయంతి ఉత్సవపు లెక్కలు చూచుకొనుటకు సంఘములు కూర్చున్న దినముననే ఆ సంవత్సరము పై చదువులకు పోగోరు పిల్లల పేర్లు వ్రాసికొని, ఎవరికి ఏ పత్రము తక్కువయున్నదో చూచి, వారి వెంట కార్యాలయమునకు పోవు మనుష్యుని నియమింపవలెను.